పెరటిలో గాజరగడ్డల సేద్యము

చిరాగ్‌పల్లి పరిసరముల నేల దుంపపంటలకు క్రొత్తది కాదు. అల్లము, పసుపు, ఆలుగడ్డ పండించి దూరపు బజారులకు పంపు రైతులు మన జహీరాబాదు ప్రాంతమున ఎందఱో కలరు. అట్టి రైతు ఇంటనే పిల్లల కూరకు నాలుగు గాజరగడ్డలు కావలసివచ్చినచో, బజారునుండి వాడి వంగిపోయిన వానిని కొనితెచ్చుట పరిపాటియై యున్నది. కారణమడిగినచో "గాజర చలిదేశపు పంట, మన మొరపనేలలో అది దిగదు" అని చెప్పుదురు. ఈ మాటలో సగము నిజము, సగము భయము కలవు. నిజమెంతవఱకో తెలిసికొని, భయమును విడుచుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ముందుగా నా తప్పును నేనే చెప్పుకొనుట న్యాయము. మొదటి యేట నేను పెరటిలో రెండు మడులు కట్టి, బలముగా నుండునని తలచి పచ్చిపేడ రెండు గంపలు కలిపి, పైపైన పారతో కలియబెట్టి విత్తితిని. ఆకు మోకాలెత్తు పెరిగినది. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. మూడునెలల కాలము గడచిన పిదప పెఱికి చూడగా ఒక్కొక గడ్డకు మూడేసి కాళ్లు, నాలుగేసి వ్రేళ్లు. ఒంటినిండ వెండ్రుకలవంటి పీచువేళ్లు. కూరకు చెక్కు తీయబోయిన నా యింటివారు విసిగి వానిని ఎద్దులకు వేసిరి. పొరుగింటి అవ్వ గోడమీదుగా చూచి, "బిడ్డా, ఆకుకు మేత పెట్టినవు గాని, గడ్డ దిగనీకి జాగ పెట్టకపోతివి" అనెను. నేను పిమ్మట నేర్చినదంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమే. గాజరసాగులో గెలుపోటములు గడ్డ ఊరుకాలమున తేలునవి కావు. విత్తుటకు ముందు నేలకు చేసిన పనిలోను, విత్తిన పిదప మొదటి పదునైదు దినముల తడిలోను అవి తేలిపోవును.

గాజర పుట్టుపూర్వోత్తరములు

గాజర మనకు పరాయిది కాదు. మన కొత్తిమీర, జీలకఱ్ఱ, వాము, సోపు ఏ కుటుంబమునకు చెందినవో గాజరయు ఆ కుటుంబమునకే చెందినది. గొడుగువంటి దాని పూగుత్తిని చూచినవారికి ఈ చుట్టఱికము వెంటనే తెలియును. దీనిని మొదట సాగుచేసినవారు ఆఫ్ఘనిస్తానము, మధ్య ఆసియా ప్రాంతములవారని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆ తొలి గడ్డలు ఊదారంగువి, పసుపురంగువి. నేడు బజారున విరివిగ కనబడు నారింజరంగు గాజర 17వ శతాబ్దమున హాలండు దేశపు తోటలలో స్థిరపడినది. ఉత్తర హిందూస్థానమున ఎఱ్ఱనివి, నల్లనివి సాగులో నున్నవి. నల్లగాజరతో అచట పులియబెట్టిన కాంజి యను పానీయమును చేయుదురు.

మన తావు మూడు భాషల కూడలి. 1956 వఱకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో నుండెను; పిమ్మట మెదకు జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. కావున మన సంతలో ఉర్దూ, మరాఠీ మాటలాడువారు గాజర్ అనియు, కన్నడమువారు గజ్జరి అనియు, మనము గాజరగడ్డ యనియు పిలుచుట వినబడును. ఇన్ని భాషలలో ఇంచుమించు ఒకే పేరున్న కూరను మన పెరటికి పరాయిదనుట సరికాదు.

కాలము

జహీరాబాదు సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున నున్నది. మన పొరుగునున్న కోహీరులో చలికాలపు రాత్రులందు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకంటె తగ్గు దినములు కలవు. తెలంగాణములో చలి మిక్కిలిగ నుండు తావులలో ఇదియొకటి. గాజరగడ్డ మంచి రంగును, తీపిని పొందుటకు 15 నుండి 20 డిగ్రీల వేడిమి అనుకూలము. వేడిమి హెచ్చినకొలది గడ్డ పొట్టిదై, రంగు తగ్గి, నారకట్టును. కావున మనకున్న అదను కొద్దిపాటిది, అయినను మంచిది.

చిత్తకార్తె వానలు వెనుకకు పోయిన పిదప, స్వాతికార్తె ప్రవేశమున, అనగా అక్టోబరు నాలుగవ వారమున, మొదటి మడిని విత్తవలెను. రెండవది విశాఖలో, మూడవది అనూరాధలో విత్తినచో, మొదటిది సంక్రాంతి దాటిన వెంటనే చేతికివచ్చును. చివరిది మార్చి మొదటి వారములతో ముగియును. ఒకేసారి అంతయు విత్తి, ఒకేవారమున అంతయు పెఱికి, ఇంటిల్లిపాదికి వెగటు కలిగించుటకంటె ఈ పద్ధతి మేలు. డిసెంబరు నడిమి తరువాత విత్తినచో గడ్డ ఊరు సమయమునకు ఎండలు ముదురును. తొందరపడి ఆగస్టులో విత్తినచో వానలకు మడి గట్టిపడి, కలుపు మొలకను మ్రింగివేయును.

నేల

మన ప్రాంతమున రెండు విధములైన నేలలు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకటి ఎఱ్ఱని మొరపనేల, రెండవది నల్లరేగడి. రెండింటిలోను గాజర పండును. చేయవలసిన పని మాత్రము వేఱు.

ఎఱ్ఱనేలలో నీరు నిలువదు, ఇది గుణము. అయితే రాళ్లు, గులకలు మెండు, ఇది దోషము. గాజరవేరు నేలలోనికి సూదివలె దిగును. దాని కొనకు చిన్న రాయి తగిలినను, గట్టి మట్టిబెడ్డ అడ్డు వచ్చినను, పచ్చియెరువు తగిలినను కొన చెడి, ప్రక్కలకు చీలి, రెండు మూడు కాళ్లగును. కావున మడి తావును అడుగు లోతున గడ్డపాఱతో త్రవ్వి, ఇసుక జల్లించు జల్లెడతో మట్టిని జల్లించి, గులకరాళ్లను ఏరి గట్టుకు వేయవలెను. ఈ పని ఒక్కసారి చేసినచో కొన్ని యేండ్లకు పనికివచ్చును. పిల్లలును పెద్దలును కలిసి రెండు సాయంకాలములు పనిచేసినచో చిన్న మడి సిద్ధమగును.

రేగడిలో దోషము వేఱు. తడిసిన జిగురగును; ఎండిన పగులును. పగులుచున్న నేల సన్నని వేరును త్రెంపివేయును. ఇట్టిచోట లోతుగ త్రవ్వుటకంటె నేలమీదనే మడిని ఎత్తుచేయుట సులువు. ఇసుకపాలు గల ఎఱ్ఱమట్టి, బాగుగ చివికిన ఎరువు, కొంత రేగడి కలిపి, జానెడు ఎత్తున మడి కట్టవలెను. ఏ నేలలోనైనను పదను చూచి త్రవ్వవలెను. పిడికిటబట్టిన మట్టి ముద్దకట్టి, వ్రేలితో తాకగానే విడిపోవలెను. అంతకంటె తడిగనున్నప్పుడు త్రవ్వినచో బెడ్డలే మిగులును.

ఎరువు

పచ్చిపేడ ఈ పంటకు శత్రువు. నా మొదటి మడిలో గడ్డలు చీలుటకును, పీచువేళ్లు పుట్టుటకును కారణమదియే. ఒక యేడాది చివికి, మట్టివాసన తప్ప వేఱు వాసనలేని పెంటయెరువును చదరపు మీటరుకు 2 కిలోలు చొప్పున, విత్తుటకు మూడునాలుగు వారములముందే కలుపవలెను. అంతకంటెను మంచి ఉపాయమొకటి కలదు. వానకాలమున ఆ మడికి నిండుగ ఎరువు వేసి తోటకూరనో, మొక్కజొన్ననో పండించి, ఆ పంట తీసిన పిదప, మరల ఎరువు వేయకయే గాజరను విత్తవచ్చును. ముందటి పంట విడిచిన బలము గాజరకు చాలును.

పొయ్యిబూడిదలో పొటాషు కలదు. అది గడ్డపంటకు మేలు. ఎఱ్ఱ మొరపనేలలు కొంత పులుపుగుణము గలవి కావున చదరపు మీటరుకు రెండు దోసిళ్ల బూడిద వేసినచో ఆ పులుపు కొంత తగ్గును. యూరియా వంటి నత్రజని యెరువును పెరటి గాజరకు వేయకుండుటయే మేలు. దానివలన ఆకు బలియును, గడ్డ పగులును.

విత్తనమును ఎన్నుకొనుట

ఇది మిక్కిలి ముఖ్యమైన విషయము. గాజర రకములు రెండు తెగలు. ఒకటి ఐరోపా తెగ: నాంటిస్, చాంటెనే మొదలగునవి. గడ్డ నున్నగ, మొద్దుకొనతో, నారింజరంగున, లోపలి కాడ సన్నముగ నుండును. ఇవి పూవు పూయుటకు 5 నుండి 10 డిగ్రీల చలి నాలుగాఱు వారములు ఎడతెగక కావలెను. అందుచేత ఈ తెగ విత్తనము మన మైదానములలో కట్టదు. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవారికి ఇందుకై హిమాచల ప్రదేశమున, కులూ లోయలోని కట్రాయినులో ప్రాంతీయ కేంద్రము కలదు. పూసా యమదగ్ని యను రకము అచటిదే.

రెండవది ఆసియా తెగ. ఇది వేడిమిని కొంత యెక్కువ సహించును. పూయుటకు అంత చలి కోరదు. ఢిల్లీ సంస్థవారు ఎఱ్ఱ దేశవాళిని నాంటిసుతో సంకరపఱచి పూసా కేసర్ రకమును, మరల దానిని నాంటిసుతో కలిపి పూసా మేఘాలి రకమును తీసిరి. ఎఱ్ఱని పూసా రుధిర, నల్లని పూసా అసిత కూడ ఆ సంస్థవే. ఇవిగాక జపాను దేశమున పుట్టిన కురోడా రకము వేడిమికి ఓర్చును గనుక దక్షిణాదిన విస్తారముగ విత్తబడుచున్నది.

మన పెరళ్లకు నా సలహా యిది. మొదటి మడిలో, అప్పటికింకను పగటియెండ తగ్గదు కావున, కురోడాను గాని, పూసా మేఘాలిని గాని విత్తుడు. రెండవ, మూడవ మడులు నిండు చలిలో పెరుగును కావున వానిలో నాంటిసును విత్తవచ్చును. మొరపనేలను లోతుగ త్రవ్వ వీలులేనివారు పొడుగు రకముల జోలికి పోక, పొట్టిగ మొద్దుగ నుండు చాంటెనే వంటివానిని ఎన్నుకొనవలెను.

విత్తనపు వయస్సును తప్పక విచారింపుడు. గాజరవిత్తనము ప్రతియేట మొలకశక్తిని కోల్పోవును. మూడేండ్లు దాటినదానిని నమ్మరాదు. పొట్లముమీది తేదీని చదువవలెను. సందేహమున్నచో నూఱు గింజలను లెక్కించి, తడిగుడ్డలో చుట్టి, పదునాలుగు దినములు నీడనుంచి, ఎన్ని మొలచినవో చూడవలెను. అఱువదికి తక్కువైనచో ఆ విత్తనమును మడిలో వేసి నెలదినములు ఎదురుచూచుట వృథా. పోయినది విత్తనపు వెల మాత్రమే కాదు. చలికాలపు అదను కూడ పోవును. అది మరల యేడాదికిగాని రాదు.

విత్తుట

మడి వెడల్పు 3 అడుగులు, పొడవు 10 అడుగులుండిన చాలును. ఇరుప్రక్కలనుండి చేయి అందును గనుక మడిలో కాలు పెట్టనక్కరలేదు. త్రొక్కిన నేలలో గడ్డ దిగదు. పొడవునకు నాలుగు చాళ్లు, చాలునకు చాలునకు జానెడు దూరమున, వ్రేలితో గీయవలెను. లోతు అర అంగుళము మించరాదు. ఇట్టి మడికి 2 గ్రాముల విత్తనము చాలును. గింజలు మిక్కిలి సన్నములు, నూగు గలవి. చేతికి అంటుకొని ఒకచోటనే కుప్పగ పడును. కావున అఱచేతులనడుమ మెల్లగ నలిపి, ఒక రాత్రి నీట నానవేసి, నీడన ఆఱనిచ్చి, పిడికెడు సన్నని పొడియిసుకతో కలిపి చాళ్లలో జారవిడువవలెను. పైన సన్నని ఎరువును జల్లి, అఱచేతితో తేలికగ అదుమవలెను.

గింజలతోపాటు చాలునకు అచ్చటచ్చట ఒక్కొక ముల్లంగి గింజను వేయుట మంచి ఉపాయము. ముల్లంగి నాలుగైదు దినములలో మొలచి, పైపెచ్చును పగులగొట్టి, చాలు ఎచటనున్నదో చూపును. గాజర మొలచుటకు పది మొదలు పదునైదు దినములు పట్టును. అంతలో చాలు తెలియక కలుపుతోపాటు మొలకలను పీకివేయువారు కలరు. ముల్లంగిని నెల, నెలన్నరలో పెఱికి పప్పులో వేసికొనవచ్చును; అప్పటికి గాజరకు ఆ తావు కావలసివచ్చును.

మొదటి పదునైదు దినములు

పైమన్ను ఒక్క మధ్యాహ్నము ఎండి పెచ్చుకట్టినను, లోపల విచ్చుచున్న మొలక చచ్చును. మన ఎఱ్ఱమట్టికి ఈ పెచ్చు కట్టుగుణము ఎక్కువ. అందుచేత విత్తిన వెంటనే మడిపై తడిపిన గోనెపట్టాలను పఱచి, ఉదయము, సాయంకాలము సన్నని రంధ్రములు గల డబ్బాతో వానిమీద నీరు చల్లవలెను. కాలువ కట్టి నీరు విడిచినచో గింజలు కొట్టుకొనిపోయి ఒక మూలకు చేరును. ఏడవదినమునుండి ప్రతి ఉదయము గోనెనెత్తి చూడవలెను. మొదటి మొలకలు కనబడిన సాయంకాలమే గోనెలను తీసివేయవలెను. ఒక దినము ఆలస్యమైనను మొలకలు తెల్లబడి సాగిపోవును. చీమలు గింజలను మోసికొనిపోకుండ మడిచుట్టు బూడిదగీత వేయుట మన ఇండ్లలో తెలిసిన పనియే.

పలుచన చేయుట

మొలకలను పీకివేయుటకు మనసొప్పక పంటను చెఱచుకొనువారు అనేకులు. రెండుమూడు ఆకులు వచ్చినపుడు మొలకకు మొలకకు అంగుళము దూరముండునట్లును, నెలదినములకు రెండున్నర అంగుళములుండునట్లును పలుచన చేయవలెను. పీకినవానిని వేఱొకచోట నాటవచ్చునుగదా యని కొందఱడుగుదురు. వంకాయ, మిరప నారువలె దీనిని నాటరాదు. పీకినపుడు కొన తెగును. తెగిన కొన చీలును. నెలనాటి పీకుడు మొక్కల లేతగడ్డలను ఆకుతోకూడ కూర వండుకొనవచ్చును. మడికి నీరు పెట్టిన పిదప పీకినచో ప్రక్కమొక్క కదలదు.

నీటి విషయమున సమముగ నుండుట ముఖ్యము. ఎఱ్ఱనేలలో నాలుగైదు దినములకొకసారి, రేగడిలో వారమునకొకసారి తడి చాలును. పదిదినములు ఎండగట్టి, ఒకేసారి నిండుగ పెట్టినచో గడ్డ నిలువున పగులును. కలుపును చిన్నదిగ నున్నపుడే చేతితో తీయవలెను. మొదటి నెలలో గాజర మిక్కిలి నెమ్మదిగ పెరుగును; కలుపు దానిని సులభముగ జయించును. గడ్డపైభాగము నేలపైకి తేలి ఎండ తగిలినచో ఆకుపచ్చనై చేదెక్కును. అట్టిది కనబడినపుడు ప్రక్కమట్టిని ఎగదోసి కప్పవలెను.

తెగుళ్లు

చలికాలపు పెరటిమడికి తెగుళ్లు తక్కువ. వేళ్లపై బుడిపెలు కట్టి గడ్డ వంకరపోయినచో అది నులిపురుగుల పని. అంతకుముందు టమాట, వంగ వేళ్లకు అట్టి బుడిపెలు కనబడిన మడిలో గాజరను విత్తకుడు. ఆ మడిలో ఒక కారు బంతిమొక్కలను ఒత్తుగ పెంచినచో నులిపురుగులు తగ్గును. ఆకుపై గోధుమరంగు మచ్చలు కనబడినచో ఒత్తును తగ్గించి, సాయంకాలము ఆకు తడియునట్లు నీరు చల్లుట మానవలెను. ఒకే మడిలో ఏటేట గాజర వేయక, మూడేండ్లకొకసారి మరల ఆ మడికి వచ్చునట్లు త్రిప్పవలెను.

పెఱుకుట, వాడుకొనుట

విత్తిన 85 మొదలు 110 దినములకు, రకమునుబట్టి, గడ్డ సిద్ధమగును. పైభాగమున రెండు మూడు వ్రేళ్ల లావుండుట గుర్తు. మరికొన్నాళ్లుంచినచో లావగును గాని లోని కాడ కొయ్యబాఱును. ముందుదినము తేలికగ తడిపి, మఱునాడు పెఱుకవలెను. వెంటనే ఆకును కోసివేయవలెను. లేనిచో ఆకు గడ్డలోని నీటిని లాగి, రెండు దినములలో గడ్డ మెత్తబడును. నీడలో తడియిసుకలో పూడ్చియుంచినచో మరికొన్ని దినములు నిలువయుండును. ఆకును పశువులు ఇష్టముగ తినును. పైన చెప్పిన మడినుండి, పని తెలిసినచో, 6 మొదలు 8 కిలోల గడ్డలను ఆశింపవచ్చును.

దీనిని పెంచుటవలన లాభమేమి? నారింజరంగు గాజర 100 గ్రాములలో 5 మొదలు 8 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ కలదు. శరీరము దీనిని ఏ విటమినుగ మార్చుకొనును. ఈ విటమిను లోపించిన పిల్లలకు రేచీకటి వచ్చును. ముదిరినచో కన్ను పోవును. 1958 నుండి హైదరాబాదున నున్న జాతీయ పోషకాహార సంస్థవారు ఈ లోపమును గూర్చి విశేషముగ పరిశోధించిరి. 1970లో పిల్లలకు ఏ విటమిను మోతాదులిచ్చు కార్యక్రమము దేశమున ప్రారంభమైనది. ఐతే గాజరను మించిన మహిమను దానికి అంటగట్టరాదు. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండువారు తమ వైమానికులు గాజరలు తిని చీకటిలో శత్రువిమానములను చూచుచున్నారని ప్రచారము చేసిరి. నిజమునకు వారికి తోడ్పడినది రాడారు యంత్రము. లోపమున్నవారి చూపును గాజర నిలుపును. లేనివారికి క్రొత్త చూపును ఇయ్యదు. మునగాకు, తోటకూర ప్రతిదినము తిను ఇంట ఈ లోపము రాదు. కాని పిల్లలు ఆకుకూరను త్రోసివేయుదురు, తియ్యని గాజరను అడిగి తిందురు. పచ్చిగ తినుటకంటె కొంచెము నూనెతో వండి తినినచో కెరోటిన్ ఎక్కువగ ఒంటబట్టును. ఎఱ్ఱగాజరలలో టమాటలోవలె లైకోపీను అధికము. హల్వాకు అవి ప్రశస్తము.

పార్స్నిప్ సంగతి

సీమకూరల పుస్తకములలో గాజరతోపాటు పార్స్నిప్ అను తెల్లగడ్డ పేరు కనబడును. ఇది గాజరకు దగ్గఱి చుట్టము. ఆలుగడ్డయు, చెఱకు చక్కెరయు విరివిగ రాకమునుపు ఐరోపాలో బీదలకు ఇది ముఖ్యాహారము; తీపివంటలలోను వాడిరి. మంచు పడిన పిదపనే దీని పిండిపదార్థము చక్కెరగ మాఱి రుచి హెచ్చును. నాలుగైదు నెలల చలి దీనికి కావలెను. విత్తనము ఒక్క యేడాదికే చచ్చును. మొలకకు మూడునాలుగు వారములు పట్టును. దీని ఆకురసము చర్మమునకంటి ఎండ తగిలినచో బొబ్బలెక్కును. మన చలి మూడుమాసములది. మంచు మనకు పడదు. వేడుకకు ఒక చాలు వేసి చూచువారిని నేను వారింపను. కాని గాజరకుంచిన మడిని దీనికి ఇయ్యవలదని మాత్రము చెప్పుదును. ఆ తీపి కావలసినవారికి మన చిలగడదుంప ఉండనే యున్నది.

విత్తనము మన చేతిలో నుండుట

మన జహీరాబాదు ప్రాంతమునకు విత్తనపు విలువను ఒకరు చెప్పనక్కరలేదు. 1983లో ఏర్పడి, పస్తాపూరు కేంద్రముగ పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘముల స్త్రీలు జొన్న, సజ్జ, కొఱ్ఱ, పప్పుధాన్యముల పాతవిత్తనములను ఇండ్లలో బూడిదతో, వేపాకుతో కాపాడి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనుచు నిలిపిరి. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు లభించినది. గాజర విషయమున కూడ ఈ బుద్ధి కొంత పనిచేయును, కొంత పనిచేయదు. ఎందుకో తెలిసికొనవలెను.

నాంటిసు విత్తనమును మనము కట్టించలేము; సంకరవిత్తనమునుండి తీసిన గింజ తల్లివలె రాదు. పూసా కేసర్, పూసా మేఘాలి వంటివి ఉత్తరదేశపు మైదానములలో విత్తనము కట్టును. మన చలి అంతటిది కాదు కావున ఇచట పరీక్షార్థము కొలదిగ చేసిచూడవలెను. సంక్రాంతినాటికి పెఱికిన గడ్డలలో తిన్ననివి, నున్ననివి ఇరువదికి తగ్గకుండ ఏరి, ఆకును బెత్తెడు విడిచి కోసి, గడ్డ కొనభాగమును తీసివేసి, మూరెడు దూరమున నాటవలెను. వేళకుముందే పూతకు వచ్చిన మొక్కను విత్తనమునకుంచరాదు. దాని పిల్లలును అట్లే చేయును. తేనెటీగలు పుప్పొడిని దూరము మోసికొనిపోవును గనుక, ఆ చుట్టుపట్ల వేఱొక రకము పూతలో నుండరాదు. గొడుగులు గోధుమవన్నెకు వచ్చినపుడు కోసి, నీడన ఆఱబెట్టవలెను.

ఇది ఒక ఇంటివారు చేయుటకంటె పదిమంది కలిసి చేయుట మేలు. కొనుట కూడ అంతియే. ఒక ఇంటి మూడు మడులకు 6 గ్రాముల విత్తనము చాలును. ఎవరికివారు పొట్లము కొన్నచో మిగిలినది డబ్బాలో పడి, మఱుసటి యేడు, ఆపై యేడు విత్తబడి, మొలవక, "మన నేలలో గాజర రాదు" అను పాతమాటకు బలమిచ్చును. 100 గ్రాముల తాజావిత్తనమును సభ్యులు కలిసి తెప్పించుకొన్నచో పదునాఱిండ్ల మడులకు సరిపోవును. పాతవిత్తనమను మాటయే యుండదు. ఇసుకజల్లెడ ఒకటి ఇంటింటికి తిరుగును. ఒకరి మడి చెడినచో కారణమేమో పదునేనుగురు వచ్చి చూతురు. మొదటి యేట నాకా మాట చెప్పినది గోడకావలి అవ్వ యొక్కతెయే. ఆ మాట విత్తుటకు ముందే విన్నచో ఒక చలికాలము నాకు మిగిలియుండెడిది.

కావున సోదర కర్షకులారా! చిత్తకార్తె వానలు తగ్గులోపల పెరటిలో ఒక మూల మూడడుగుల వెడల్పున నేలను త్రవ్వి, జల్లించి, చివికిన ఎరువు కలిపి సిద్ధపఱపుడు. విత్తనపు పేర్లను, కావలసిన గ్రాములను దసరాకు ముందే సంఘములో వ్రాయించుడు. స్వాతికార్తెలో ఒక్క మడి విత్తుడు. సంక్రాంతి దాటిన పిదప మీ పిల్లలచేత మొదటి గడ్డను పెఱికింపుడు. అది తిన్నగ వచ్చినచో నేలకు మీరు చేసిన పని ఫలించినట్లు. కాళ్లు చీలి వచ్చినచో ఎచట రాయి మిగిలినదో, ఎచట పచ్చియెరువు పడినదో ఆ గడ్డయే మీకు చూపును. రెండవ మడికి ఆ పాఠము చాలును.